ఇంటి వెనక కొండలు

పర్లాకిమిడి నుంచి మోహన, చంద్రగిరి, తప్తపాణి మీదుగా బరంపురం... అక్కడి నుంచి ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి చుట్టి మళ్లీ ఇంటికి. మూడు రోజుల సెలవులు, నలుగురు పాత మిత్రులు, ఓ కుర్ర డ్రైవరు. కాశీకి వెళ్లొచ్చినవాళ్లం సొంత జిల్లా చూడలేదన్న సంగతి ఈ దారిలోనే తెలిసింది!

"ఒరే... నాను ఇల్లు అమ్మీసినాను."

2024 సంక్రాంతి పండగ వెళ్లిన మర్నాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర మా రైలు బావ ఈ మాట అన్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి ఆ పేరు. బంధుత్వం ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి 'బావా' అనే పిలుచుకుంటాం. కొడుకు విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. భార్యకు మోకాళ్ల నొప్పులు. మాఘమాసంలో మంచిరోజు చూసుకుని సామాను తీసుకెళ్లిపోతారట.

"ఇక్కడ మనకేటుందిరా? మా మనవలకి ఈ ఊరు పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. తెలుగోడు తెలుగు ఊళ్లోకి ఎల్లిపోవడమే మంచిది" అన్నాడు.

ఎవరమూ ఏమీ అనలేకపోయాం. సరిహద్దుకు ఇవతల ఉన్న మనలాంటి ఊళ్లలో ఇలాంటి మాట వినని ఇల్లు ఉండదు. ఒక్కో ఏడాది ఒక్కో తలుపుకు తాళం పడుతుంది. ఈసారి మా జట్టులోనే పడింది.

కాసేపటికి మేష్టారు అన్నాడు... "సరే, ఎల్లిపోయే ముందు ఒకసారి నలుగురం కలిసి ఎక్కడికైనా ఎల్దాం."

తిరుపతి అన్నారు. శ్రీశైలం అన్నారు. "అరకు నాలుగుసార్లు ఎల్లొచ్చినాం, మళ్లీ ఎందుకు?" అని షావుకారు కొట్టిపారేశాడు. అంతలో మేష్టారు లేచి నిలబడి వీధి చివర కనిపిస్తున్న కొండల వైపు వేలు చూపించాడు. "ఆ కొండల అవతల ఏటుందో మీలో ఎవుడికైనా తెలుసా?"

తెలీదు! అరవై ఏళ్లు వచ్చాయి. డాబా ఎక్కితే కనిపించే కొండలు. బస్సులో ఒకటి రెండుసార్లు అటు పోయినా నిద్రపోతూ పోయినవాళ్లమే. మా మొహాలెప్పుడూ పాతపట్నం వైపే. సినిమాకి, ఆసుపత్రికి, పెళ్లి సంబంధానికి, ఉద్యోగానికి... అన్నిటికీ అటే. వీపు మాత్రం కొండలకి.

"ఇంటి ఎనకున్న కొండ సూడకుండా కాశీ ఎల్లొచ్చినోళ్లం మనం" అని షావుకారు నవ్వాడు. అంతే. ఆ ఏడాది జనవరి 26 శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలుపుకుంటే మూడు రోజులు. షావుకారి పాత బొలెరో సిద్ధం. స్టీరింగు అతని మేనల్లుడి చేతికి. ఇరవై రెండేళ్లవాడు, డిగ్రీ అయింది. మాలో ఎవరికీ ఘాట్ రోడ్డు మీద ధైర్యం చాలదు మరి.

జెండా పండగ దారి

పొద్దున్నే బయల్దేరాం. డిక్కీలో నీళ్ల డబ్బాలు, పులిహోర, పండగకి మిగిలిన అరిసెలు, నాలుగు దుప్పట్లు. ఊరు దాటి ఉత్తరం వైపు తిరిగామో లేదో చలి మొదలైంది. పొలాల్లో కోతలు అయిపోయి మోళ్లు మిగిలాయి. కళ్లాల్లో గడ్డి కుప్పలు. మామిడి పూత అప్పుడే కళ్లు తెరుస్తోంది.

రామగిరి ఉదయగిరి వైపు పోయే దారి ఇది. బోర్డుల మీద 'ఆర్.ఉదయగిరి' అని ఉంటుంది. పెద్దరోడ్డు ఉంది, బాగానే ఉంది. అయినా వీలైన చోటల్లా దాన్ని వదిలేసి ఊళ్ల మధ్య నుంచి పోయే చిన్న రోడ్లే పట్టాలని ముందే ఒట్టు పెట్టుకున్నాం. తొందర ఏముంది? మూడు రోజులున్నాయి.

ప్రతి ఊరి బడి దగ్గరా జెండా. తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. కారు ఆపితే ఒక బడి దగ్గర మాక్కూడా చేతిలో మిఠాయి పెట్టారు. కొండ మలుపులో నాలుగు గడపలున్న ఊళ్లో కూడా వెదురు గడకి జెండా కట్టి ఉంది.

ఎత్తు ఎక్కుతున్నకొద్దీ కొండవాలు పొలాలు కనిపించాయి. వీటిని చూడ్డానికైనా ఈ దారిన రావాలి. రాయి మీద రాయి పేర్చి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా మడులు దించుకుంటూ వచ్చారు. పైనున్న వాగు నీరు ఒక మడి నిండాక కింది మడిలోకి దిగుతుంది. సిమెంటు లేదు, ఇంజినీరు లేడు. సవరలు తరతరాలుగా చేసుకుంటున్న వ్యవసాయం. రైలు బావ చాలాసేపు చూసి, "ఇంత వాలు మీద మా వాళ్లు రైలు పట్టా వేయాలంటే ఏళ్లు పట్టీది" అన్నాడు.

రోడ్డు పక్కన జీలుగు చెట్లు, వాటికి కట్టిన కుండలు. కొండచీపుర్లు కోసి కట్టలు కట్టి ఆరబెట్టారు. మనం బజారులో బేరమాడి కొనే చీపురు ఇక్కడే పుడుతుంది. అక్కడక్కడా కొండ మీద ఎర్రగా గీసినట్టు మట్టి చారలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన పత్రికల్లో ఉద్దానం కొబ్బరితోటల ఫొటోలు చూసి కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆ తుపానుకే ఈ గజపతి కొండల్లో చరియలు విరిగిపడి జనం చచ్చిపోయారు. తుపాను సరిహద్దు చూసుకుని రాలేదు. మనం మాత్రం చూసుకుని ఏడ్చాం.

"మీరు మా ఊరు రారేటి?"

మధ్యాహ్నం రెండు దాటాక పంక్చరు పడింది.

చిన్నరోడ్డు పట్టిన ఫలితం ఇది. మార్చే చక్రం ఉంది, జాకీ మాత్రం తుప్పుపట్టి తిరగనంది. ఫోన్లలో సిగ్నల్ లేదు. షావుకారి మొహం వాడిపోయింది. అతనికి షుగరు. పులిహోర పొద్దున్నే అయిపోయింది. నుదుట చెమట పట్టి చేతులు వణకడం మొదలయ్యేసరికి మాకు కాళ్లాడలేదు. అరిసెల డబ్బా వెతికి రెండు తినిపించి, చెట్టు కింద కూర్చోబెట్టాం.

మేనల్లుడు ఎగువనున్న సవర ఊళ్లోకి పరిగెత్తాడు. పావుగంటలో పదిమంది దిగారు. వెనకే తువ్వాలు భుజాన వేసుకుని ఓ ముసలాయన. ఆడవాళ్లు బిందెతో నీళ్లు, ఆకుదొన్నెలో అరటిపళ్లు తెచ్చారు. కుర్రాళ్లు ఎత్తుడు కర్ర వేసి బండి లేపి, రాళ్లు పేర్చి చక్రం మార్చేశారు. అరగంట పని.

ముసలాయన మమ్మల్ని ఎగాదిగా చూసి తెలుగులో అడిగాడు. "కిమిడి బాబులా?"

మేం తెల్లబోయాం. అవునన్నాం. ఆయన షావుకారి దగ్గర కూర్చున్నాడు. కుర్రతనంలో చింతపండు, పసుపు, చీపుర్లు కావిడి వేసుకుని నడిచి పర్లాకిమిడి వచ్చేవాడట. ముందురోజు బయల్దేరితే మర్నాటికి చేరడం. తర్వాత జీపులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ఏ కొట్లో బట్టలు కొనేవాడో, ఏ అరుగు మీద పడుకునేవాడో అన్నీ చెప్పాడు. చెబుతుంటే షావుకారు తలెత్తి చూశాడు.

"అది మా నాన్న కొట్టు."

ముసలాయన కళ్లు చికిలించి చూశాడు. "మీ నాన్న మా బాస మాటాడీవోడు. బాగా మాటాడీవోడు. నువ్వు మాటాడవేటి?"

షావుకారు దగ్గర జవాబు లేదు. ఆయన మళ్లీ అన్నాడు... కోపంగా కాదు, మామూలుగానే. "మేం వారం వారం మీ ఊరొస్తాం. మీరు మా ఊరు రారేటి?"

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. అరిసెల డబ్బా మాత్రం పిల్లలకని పుచ్చుకున్నాడు. ఆయనకి సవర వచ్చు, ఒడియా వచ్చు, తెలుగు వచ్చు, హిందీ కొంచెం వచ్చు. బడికి వెళ్లలేదు. మా నలుగురిలో ఇద్దరు ఎమ్మేలు. మా అందరికీ కలిపి సవరలో ఒక్క మాట రాదు. వచ్చేస్తుంటే ఒకావిడ ఇంకో చెంబుడు నీళ్లు ఇస్తూ "డాఅ" అంది. నీళ్లు. ఆ మాట ఒక్కటీ ఆ రోజు నేర్చుకున్నాం.

గిడుగువారి దారి ఇదే

మోహన చేరేసరికి చీకటి పడింది. చిన్న లాడ్జిలో నాలుగు మంచాలు దొరికాయి. రొట్టె, దాల్మా తిన్నాం. షావుకారు తేరుకున్నాడు కానీ మాట్లాడలేదు. చివరికి మేష్టారే నోరు విప్పాడు.

"గిడుగు రామమూర్తి పంతులుగారు ఇటు తిరిగినోరే కదరా."

మనకి ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. పర్లాకిమిడిలో దండలు వేస్తాం, ఉపన్యాసాలు చెప్తాం. ఆయన 1880లో మన ఊరికి బడిపంతులుగా వచ్చారు. అప్పటికి ఇంకా కుర్రవాడే. కొండల నుంచి దిగి వచ్చే సవరల్ని చూసి, వాళ్ల భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవులు పోయాయి. అయినా మానలేదు. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథం, 1938లో సవర - ఇంగ్లిషు నిఘంటువు వచ్చాయి. ఒక భాష కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన!

"జనం మాట్లాడే మాటే భాష అని ఆయనకి పుస్తకాలు సదివి తెలిసిందనుకోకు. మాటే తప్ప రాత లేని సవర భాష దగ్గర కూడా తెలిసుంటాది" అన్నాడు మేష్టారు. ఇది మేష్టారి అభిప్రాయం. మాకు మాత్రం నిజమే అనిపించింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. డెబ్భై రెండేళ్ల గిడుగువారు అసమ్మతితో, అన్నేళ్లు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. నాలుగేళ్లు తిరక్కుండా 1940 జనవరి 22న కన్నుమూశారు. ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిన కథే.

తెలియని కథ ఇంకొకటుంది. అదే 1936లో, ఈ సవర సీమలోనే మంగేయి గోమాంగో అనే ఆయన సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. పేరు సొరాంగ్ సొంపెంగ్. మనం ఊరు పోయిందని బాధపడిన ఏడాదే మన పక్కింటివాళ్లకి అక్షరాలు వచ్చాయి. ఎనభై ఎనిమిదేళ్లుగా పక్కనే ఉండి, ఆ అక్షరం ఎలా ఉంటుందో మేం చూడలేదు.

రైలు బావ చీకట్లో అన్నాడు. "ఆయన కూడా ఎల్లిపోనాడు కదా మరి."

"ఎల్లిపోనాడు. అన్నీ నేర్చుకున్నాక ఎల్లినాడు" అన్నాడు మేష్టారు. తర్వాత ఎవరమూ మాట్లాడలేదు. ఎప్పుడు నిద్రపట్టిందో!

చంద్రగిరిలో టిబెట్

రెండో రోజు పొద్దున్న మంచులో చంద్రగిరి. మన రోడ్డు మీదే ఉన్నామా అని కళ్లు నులుముకోవాలి. దారి పొడుగునా రంగురంగుల తోరణాలు గాలికి ఎగురుతున్నాయి. మొక్కజొన్న చేలు కోసేసి ఉన్నాయి. వాటి మధ్య ఇళ్లు, ఇళ్ల మీద జెండాలు. 1963లో టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులకి ఇక్కడ చోటిచ్చారు. కొండల చల్లదనం వాళ్లకి కాస్త సరిపడింది. అడవి పక్క నేల బాగుచేసుకుని మొక్కజొన్న వేశారు.

అక్కడికి దగ్గర్లోనే జిరంగ్. 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం ఇక్కడే ఉంది. కొండల మధ్య అంత పెద్ద కట్టడం ఒక్కసారిగా ఎదురయ్యేసరికి మాట రాదు. లోపల బుద్ధుడి పెద్ద విగ్రహం, గోడల నిండా బొమ్మలు. ఎర్ర బట్టలు కట్టుకున్న చిన్న చిన్న పిల్లలు వరసగా కూర్చుని గొంతెత్తి చదువుతున్నారు. మన వేద పాఠశాలే గుర్తొచ్చింది.

ఊళ్లో మధ్యవయసు వాళ్లు పెద్దగా కనిపించలేదు. అడిగితే తెలిసింది. చలికాలం కదా, స్వెట్టర్లు అమ్ముకోడానికి ఊళ్లు పట్టుకుని పోయారు. శీతాకాలంలో మన పట్టణాల్లో గుడారాలు వేసి ఉన్ని బట్టలు అమ్మేవాళ్లని చూడని వాళ్లెవరు? అలాంటివాళ్లు మనకింత దగ్గర్లో ఉన్నారని ఒక్కరమైనా అడిగామా? 'నేపాలీవోళ్లు' అనేసుకుని స్వెట్టరు కొనుక్కొచ్చేశాం.

ఓ చిన్న హోటల్లో మోమోలు, వేడి వేడి తుక్పా తిన్నాం. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన ఒడియాలో కబుర్లు చెప్పాడు. చిన్నపిల్లాడిగా వచ్చాడట. ఊరు గుర్తుందా అని రైలు బావ అడిగాడు. మంచు గుర్తుంది, ఒక కంచరగాడిద గుర్తుంది, ఇంకేమీ లేదన్నాడు. పక్క బల్ల మీద ఆయన మనవరాలు హోంవర్కు చేసుకుంటోంది. ఏడెనిమిదేళ్లుంటాయి. గుండ్రంగా కాకుండా పైనుంచి వేలాడుతున్నట్టుండే టిబెటన్ అక్షరాలు ఒక్కొక్కటే దిద్దుతోంది. తప్పు రాస్తే తాత వేలితో చూపించి మళ్లీ రాయించాడు.

మా కుర్ర డ్రైవరు తినడం ఆపి ఆ పిల్లనే చూస్తున్నాడు. కారెక్కాక నెమ్మదిగా అన్నాడు. "మావయ్యా, నాకు తెలుగు రాయడం రాదు కదా."

మాకు తెలియంది కాదు. ఇంట్లో తెలుగే. పెళ్లిళ్లలో, తగువుల్లో, తిట్లలో అంతా తెలుగే. బడి మాత్రం ఒడియా, ఆ తర్వాత ఇంగ్లిషు. పెళ్లి శుభలేఖ ఇస్తే వాళ్లమ్మ చదివి చెప్పాలి. ఎన్నాళ్లుగానో చూస్తున్నాం. ఎవరమూ ఏమీ చెయ్యలేదు. సర్కారుని తిట్టడం మాత్రం మానలేదు.

మేష్టారు రిటైరైన తెలుగు పంతులు. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా పక్కనే పెరిగినావు కదరా" అని మాత్రం అన్నాడు.

వేడినీళ్లు, బరంపురం అప్పడాలు

చంద్రగిరి నుంచి తప్తపాణి దాకా దారి అంతా అడవి. ఇరువైపులా సాలచెట్లు, వెదురు పొదలు. మలుపు మలుపుకీ లోయ. ఈ దారిలో తొందరపడితే లాభం లేదు, నష్టం ఉంది.

తప్తపాణి అంటే వేడినీళ్లు. పేరుకు తగ్గట్టే కొండ మధ్యలో గంధకపు వాసన కొడుతూ ఊట ఉబుకుతుంది. పక్కనే కంధుణీదేవి గుడి. ఊటలో కాళ్లు పెట్టనివ్వరు. ఆ నీళ్లే పక్కనున్న కొలనులోకి వదులుతారు, అక్కడ స్నానం చేయొచ్చు. మకర సంక్రాంతికి జాతర జరుగుతుంది. మేం వెళ్లేసరికి ఆ సందడి తగ్గింది. అరవై ఏళ్ల మోకాళ్లు నాలుగు జతలు ఆ నీళ్లలో గంటసేపు నానాయి. "మా ఇంటావిడని తీసుకురావాల్సింది. ఇంత దగ్గర్లో ఉందని తెలీకపోయింది" అని రైలు బావ రెండుసార్లు అన్నాడు. ఆ రాత్రి అక్కడే బస.

మూడో రోజు దిగపహండి మీదుగా బరంపురం. తప్తపాణి నుంచి సుమారు 50 కిలోమీటర్లు. బరంపురం అంటే మనకి వేరే ఊరు కాదు. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1894లో పుట్టిన ఊరు. పట్టుచీరలకి పేరు. అంచు మీద ఒడియావాళ్లు 'ఫొడా కుంభ' అనే గుడి గోపురాల వరస ఉంటుంది. 2012లో ఆ పట్టుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ మగ్గాల వాళ్ల పూర్వీకులు గోదావరి వైపు నుంచి వచ్చారని చెబుతారు. అప్పడాలు, పచ్చళ్లు కొనకుండా బరంపురం దాటితే ఇంట్లో అన్నం పెట్టరు! షావుకారు నాలుగు సంచులు నింపాడు. ఒక కట్ట విడిగా పెట్టాడు. ఎవరికని అడిగితే, "పెద్దాయనకి. చీపుర్లు తెచ్చే రోజు ఎవరో ఒకరు ఆ ఊరోళ్లు వస్తారు కదా" అన్నాడు.

పలాస నుంచి పాఠం మొదలు

తిరుగు ప్రయాణం పెద్దరోడ్డు మీద. గిరిసోల దాటితే ఆంధ్రా. ఇచ్ఛాపురం రాగానే ఒక్కసారిగా బోర్డులన్నీ తెలుగైపోయాయి. మాకు కళ్లకి చల్లగా ఉంది. కుర్రాడికి మాత్రం దారి మూసుకుపోయినట్టయింది. మూడు రోజులూ ఒడియా బోర్డులు గడగడా చదివి మమ్మల్ని నడిపినవాడు ఇప్పుడు తడబడుతున్నాడు. "మావయ్యా, అదేటి రాసుంది?"

మేష్టారు ముందు సీట్లోకి మారాడు. "అది ప. పొట్టలో ఏటీ ఉండదు, మీద తలకట్టు. ఒడియా ప నీకొచ్చు కదా, దానికి చుట్టమే అనుకో. తలకట్టు బదులు పక్కకి కొమ్ములా సాగితే దీర్ఘం."

ఒడియా తెలిసినవాడికి తెలుగు లిపి నేర్చుకోవడం కొండెక్కడమేం కాదు. వరస అదే... క, ఖ, గ, ఘ. గుణింతాలు ఉన్నాయి, ఒత్తులు ఉన్నాయి. గుండ్రదనం కూడా ఉంది. మారేది గీతలే. సోంపేట దాటేసరికి ప, ల, స పట్టుకున్నాడు. కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు దాటుతుంటే బండి నెమ్మది చేసి, ఒక బోర్డు దగ్గర పూర్తిగా ఆపేశాడు.

"ప... లా... స. పలాస!"

వెనక సీట్లో రైలు బావ చప్పట్లు కొట్టాడు. పలాస స్టేషన్లో పనిచేసిన మనిషి. ఎన్ని వేలసార్లు ఆ బోర్డు కింద నిలబడ్డాడో! ఆ పేరు అంత నెమ్మదిగా ఎప్పుడూ వినలేదట.

టెక్కలి కొంచెం కష్టపడింది, క కింద ఒత్తు దగ్గర. అక్కడి నుంచి పెద్దరోడ్డు వదిలి పాతపట్నం దారి పట్టాం. కుర్రాడు కొట్టు బోర్డులు, సినిమా పోస్టర్లు, గోడల మీద సున్నంతో రాసినవి... కనిపించినవన్నీ కూడబలుక్కుంటున్నాడు. సగం తప్పులే. పాతపట్నం 'ట్న' దగ్గర మేష్టారు సాయం పట్టాల్సి వచ్చింది. ఎదురుగా సాయంత్రం ఎండలో మళ్లీ అవే కొండలు. ఈసారి వాటిలో దారి ఎటు పోతుందో, ఏ మలుపు తర్వాత ఏ ఊరో మాకు తెలుసు.

రైలు బావ ఇల్లు అమ్మిన మాట అమ్మినట్టే ఉంది. బేరం వెనక్కి పోలేదు. మాఘంలో సామాను లారీ ఎక్కింది. దగ్గరుండి ఎక్కించాం. బండి కదిలే ముందు మేష్టారితో, "పంతులుగారి సవర పుస్తకం ఎక్కడైనా దొరికితే నాకోటి పంపరా" అన్నాడు.

ప్రతి ఆదివారం సాయంత్రం మేష్టారి అరుగు మీద ఓ గంట తెలుగు పాఠం మొదలైంది. మేనల్లుడితో పాటు వీధిలో పిల్లలు ముగ్గురు కూర్చుంటున్నారు. షావుకారు కొట్లో, సంత రోజున కొండ నుంచి వచ్చినవాళ్లని వస్తువు చూపించి "దీన్ని మీరేమంటారు?" అని అడిగి చిత్తుకాగితం మీద రాసుకుంటున్నాడు. ఇప్పటికి ఇరవై ఏడు మాటలయ్యాయి. మొదటిది 'డాఅ'.

విశాఖ నుంచి బావ ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే. "ఈసారి సెలవులకి ఏ దారిరా?" మహేంద్రగిరి అని చెప్పాం.

వెళ్లాలనుకుంటే...

* దారి: పర్లాకిమిడి - ఆర్.ఉదయగిరి - మోహన - చంద్రగిరి - తప్తపాణి - దిగపహండి - బరంపురం. తిరుగు దారి ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం మీదుగా.
* కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. వానాకాలంలో కొండలు పచ్చగా ఉంటాయి కానీ చరియలు పడే భయం ఉంది. తుపాను హెచ్చరిక ఉంటే బయల్దేరొద్దు.
* జాగ్రత్త: టైర్లతో పాటు జాకీ కూడా తిప్పి చూసుకోండి! ఆయిలు ముందే నింపుకోండి. కొండల్లో ఫోను అన్నిచోట్లా పలకదు. చీకటి పడేలోగా బస చేరాలి. షుగరు ఉన్నవాళ్లు తిండి, మందులు చేతికందేలా పెట్టుకోవాలి.
* చూడొచ్చు: వీలుంటే పర్లాకిమిడికి దగ్గర్లో గండాహాతి జలపాతం. మరో రోజు చేతిలో ఉంటే 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి.
* మర్యాద: సవర ఊళ్లలో, టిబెటన్ల మఠాల్లో అడగకుండా ఫొటోలు తీయొద్దు. కొండచీపురో, పసుపో, అరటిపళ్లో అక్కడే కొనండి. బేరం ఆడకండి.